కానుకలు కుట్టేవాళ్లకు ఇంటి జిగ్‌జాగ్ మిషన్: ఏళ్ల తరబడి వాడాక

మోటారుతో నడిచే చిన్న జిగ్‌జాగ్ మిషన్ ఒకటి, పది పన్నెండు వేలల్లో వచ్చే రకం, మా మల్కాజిగిరి ఇంట్లో పెద్దపాప పుట్టిన ఏడాది నుంచి ఉంది. ఇప్పుడు ఆ పాపే దాని మీద స్నేహితులకు పెన్సిల్ పౌచ్‌లు కుట్టి ఇస్తోంది. బ్లౌజులు, డ్రెస్సులు నేను దీని మీద కుట్టింది తక్కువ. బారసాలలకు బొంతలు, పుట్టినరోజులకు గుడ్డ బొమ్మలు, స్నేహితురాళ్లకు సంచులు, ఎక్కువగా ఇవే. కానుకలు కుట్టాలనుకునేవాళ్లకు ఈ మిషన్ ధైర్యంగా చెప్తాను. రోజంతా టైలరింగ్ చేసేవాళ్లకు మాత్రం సరిపోదు, కాసేపు ఆపకుండా నడిపితే మోటారు వేడెక్కుతుంది.

కొనేటప్పుడు డబ్బా మీద ఎన్ని డిజైన్లున్నాయో చూడొద్దు. ఆకులు, పువ్వులు, అలలు అన్నీ మొదటి నెల మురిపెమే. ఇన్నేళ్లుగా నాకు పనికొచ్చినవి తిన్నని కుట్టు, అటూ ఇటూ వంకరగా పడే జిగ్‌జాగ్, కాజా, అంతే. షాపులో అడగాల్సింది వేరే ఉంది. కుట్టు పొడవు మనకు కావలసినంత తగ్గించుకోవచ్చా? మిషన్ పక్కన ఊడివచ్చే డబ్బాలాంటి భాగం తీసేస్తే చిన్న గౌను చెయ్యి గుండ్రంగా తిరిగేలా సన్నటి భాగం మిగులుతుందా? పిల్లల బట్టలకీ, సంచుల మూతులకీ ఈ రెండూ లేకపోతే కష్టం.

కుట్టు పొడవు ఎందుకంటే, బొమ్మలో దూది కూరినప్పుడు ఆ ఒత్తిడంతా కుట్టు మీదే పడుతుంది. మామూలుగా రెండున్నర మిల్లీమీటర్ల కుట్టు పెట్టుకుంటాం. బొమ్మకు ఒకటిన్నర, రెండు మధ్యకు తగ్గిస్తాను. వంపుల దగ్గర కుట్టుకు తగలకుండా కత్తెరతో గాట్లు పెట్టి తిరగేస్తే ఏనుగు బొమ్మ తొండం ముడతల్లేకుండా వస్తుంది. పొట్ట దగ్గర రెండు వేళ్లు పట్టేంత సందు వదిలి, ముందు తొండం కొసలోకి, కాళ్లలోకి చిటికెడు చిటికెడుగా దూది తోసి, చివర్లో పొట్ట నింపాలి. దూది అంటే మామూలు పత్తి కాదు, ఫైబర్ దూది. పత్తి ఒక్కసారి ఉతికితే గడ్డలు కడుతుంది. పిల్లల బొమ్మ ఉతక్కుండా ఎన్నాళ్లుంటుంది?

ఏనుగులకు నాకు అన్నిటికంటే నచ్చిన గుడ్డ పోచంపల్లి ఇక్కత్. నేయడానికి ముందే నూలుకు రంగులద్దుతారు కాబట్టి గుడ్డ రెండు వైపులా ఒకేలా ఉంటుంది. ప్రింటు గుడ్డలో కుడికాలికి కత్తిరించిన ముక్క ఎడమకాలికి పనికిరాదు, తిప్పితే వెలిసినట్టు వెనకవైపు కనబడుతుంది. ఇక్కత్‌లో ఆ బాధ లేదు, బ్లౌజు కుట్టగా మిగిలిన పేలికల్లోంచి కూడా చెవులు, కాళ్లు వచ్చేస్తాయి. ఏ నూలు గుడ్డ తెచ్చినా కత్తిరించకముందే తడిపి ఆరేస్తాను, ఎందుకంటే మొదటి ఉతుకులోనే గుడ్డ కుదించుకుపోతుంది. ముదురు ఎరుపు, నీలం అయితే నీళ్లలో రంగు దిగడం ఆగేవరకూ విడిగా ఉతుకుతాను. ఎంతకీ దిగుతూనే ఉంటే ఆ గుడ్డ పెద్దవాళ్ల సంచికి పోతుంది. పసిపిల్లలు ఏ బొమ్మనైనా ముందు నోట్లోనే పెట్టుకుంటారు కదా. అందుకే మూడేళ్లలోపు పిల్లల బొమ్మలకు గుండీల కళ్లు, పూసలు, గంటలు అస్సలు పెట్టను. కళ్లు దారంతోనే కుడతాను. మన దేశంలో అమ్మే బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు తప్పనిసరి చేశారు. ఇంట్లో కుట్టి ఇచ్చేదానికి ఆ గుర్తు అక్కర్లేకపోయినా, జాగ్రత్త అంతకంటే తక్కువ ఉండకూడదు. "పెద్దమ్మా, తోక ఇంకా పొడుగు పెట్టు" అని మా చెల్లి కూతురు అడిగినా, మెడకు చుట్టుకునేంత పొడుగు పెట్టలేదు.

బొంతకు మాత్రం మిషన్ సగం పనే చేస్తుంది. అమ్మమ్మల పాత నూలు చీరలు నాలుగు మడతలు వేసి, గజం పొడవు గజం వెడల్పున కచ్చా కుట్లు వేసి, అంచు మిషన్ మీద కుడతాను. నడుమంతా చేతి కుట్టే. మిషన్ మీద వేస్తే పై మడత జరిగి ఉబ్బుతుంది, బొంత కూడా గట్టిగా తయారవుతుంది. పసిబిడ్డ ఒంటికి ఆ పాత చీర మెత్తదనమే కావాలి.

ఇక ఇబ్బందులు. జీన్స్ సంచి మూల దగ్గర ఆరేడు మందాలు కలిస్తే మిషన్ మూలుగుతుంది. 16 నంబరు సూది వేసి, పెడల్ మీంచి కాలు తీసి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ దాటించాలి. కింద దారం గుబురుగా చిక్కుపడితే చాలామంది కింది దారం చుట్టే బాబిన్‌ని తిడతారు. తప్పు చాలావరకు పైదారంలోనే ఉంటుంది. గుడ్డను నొక్కిపట్టే ఫుట్ దించి దారం ఎక్కిస్తే, దారానికి బిగువిచ్చే టెన్షన్ పలకల మధ్యకు అది దిగదు. ఫుట్ ఎత్తి మళ్లీ ఎక్కిస్తే సర్దుకుంటుంది. అసలు నొప్పి సర్వీసు. వారంటీలో ఉండగా ఇంటికి వస్తామన్న మనిషి రోజుల తరబడి రాలేదు. బారసాల దగ్గరపడింది, చివరికి మిషన్ని ఆటోలో పెట్టుకుని సికింద్రాబాద్‌లో ఒక మెకానిక్ దగ్గరకు తీసుకెళ్లాను. ఆయన, గుడ్డను ముందుకు జరిపే మిషన్ పళ్ల కింద పేరుకున్న నూగు తీసి చూపించాడు. అప్పటి నుంచి ప్రతి బొమ్మ తర్వాత బ్రష్‌తో నూగు తుడుస్తాను, మళ్లీ అంత పెద్ద రిపేరు రాలేదు.

సామాన్లకు సికింద్రాబాద్ జనరల్ బజార్ చాలు: లేసులు, జిప్పులు, దారాలు, అస్తరు గుడ్డ అన్నీ దొరుకుతాయి. మెరుపు లేసులకైతే చార్మినార్ పక్కన లాడ్ బజార్. బాబిన్ కొనేటప్పుడు పాతది వెంట తీసుకెళ్లండి, చూడ్డానికి ఒకేలా ఉన్నా ఎత్తులో తేడా ఉంటుంది. సూదుల్లోనూ అంతే, ఇంటి మిషన్ సూది కాడ ఒకవైపు చదునుగా ఉంటుంది, ఫ్యాక్టరీ మిషన్ సూది గుండ్రంగా ఉంటుంది.

ఇంట్లో అమ్మదో అత్తగారిదో కాలి మిషన్ మూలన ఉంటే, కొత్తది కొనేముందు దానికి నూనె పోయించి, బెల్టు మార్పించి చూడండి. జిగ్‌జాగ్ రాదు కానీ సంచులకు, బొంత అంచులకు, జీన్స్ మందాలకు నా మిషన్ కంటే అదే బాగా కుడుతుంది.