ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగులు: పొందూరు పంచెకి సరే, బుడితి చెంబుకి కష్టమే

శ్రీకాకుళంలో మా కొట్టులో ఒకవైపు పొందూరు ఖద్దరు, ఇంకోవైపు బుడితి ఇత్తడి సామాన్లు అమ్ముతాం. ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగులు, అంటే రీడరు అనే చేతి యంత్రం రేడియో తరంగాలతో దూరం నుంచే నంబరు చదివే చీటీలు, పెట్టి రెండు సంక్రాంతులు దాటాయి. బట్టల కొట్టు వాళ్ళు నిస్సందేహంగా కొనొచ్చు. లోహం సామాన్ల వాళ్ళు మాత్రం ఇది చదివాకే అడ్వాన్సు ఇవ్వండి.

అమ్మడానికొచ్చినాయన చిప్పు ఎంత చిన్నదో చెప్పడంలోనే సగం పూట గడిపేశాడు. చిన్న చిప్పులు నిజమే. హిటాచీ వాళ్ళ మ్యూ-చిప్ 2001లోనే 0.4 మిల్లీమీటర్ల చదరం; 2005లో జపాన్‌లో జరిగిన ఐచీ ఎక్స్‌పో టికెట్లలో దాన్నే పెట్టారు. కానీ కొట్టువాడికి కావలసింది చిప్పు సైజు కాదు, యాంటెన్నా సైజు. ఈ ట్యాగులో బ్యాటరీ ఉండదు. రీడరు పంపే తరంగాల్లోంచే అది కరెంటు లాక్కోవాలి, లాక్కునేది యాంటెన్నా. మా కాగితం ట్యాగుని వెలుతురుకి పట్టి చూస్తే చిప్పు కనిపించీ కనిపించని చుక్క, మిగతాదంతా పల్చటి అల్యూమినియం గీతలే. నమూనాకిచ్చిన గోరంత ట్యాగుని రీడరు ఆనించినంత పని చేస్తేగానీ చదవలేదు. వేలెడంతది గది ఈ మూల నుంచి ఆ మూలకి పలికింది. ముద్దుగా ఉందని చిన్నది కొనకండి.

ఖద్దరు మీద దీని పని చూస్తే ముచ్చటేస్తుంది. పొందూరు పంచెలన్నీ తెల్లగా ఒక్కలాగే ఉంటాయి. నూలు సన్నదనం చెప్పే నంబరు, అంచు, ధర వేరు. ఇదివరకు లెక్క చూడాలంటే మడతలు ఒక్కొక్కటీ దించి, చీటీ చూసి, మళ్ళీ సర్దాలి. వాలుగ చేప దవడతో పత్తి ఏకి, చేత్తో వడికి నేసిన బట్టని అన్నిసార్లు తిరగేస్తే గంజి విరిగి మడత నలిగిపోతుంది. ఇప్పుడు బీరువా ముందు రీడరు పట్టుకుని మెల్లగా నడిస్తే చాలు, మడత విప్పకుండానే ట్యాగుల నంబర్లన్నీ ఫోనులోకి వచ్చేస్తాయి. ఒకే ట్యాగు పదిసార్లు చదివినా ఒక్కటిగానే లెక్కేస్తుంది. రోజంతా పట్టే పని ఇప్పుడు టీ తాగేలోపు అవుతోంది.

అయితే వస్తువు ఉందో లేదో చెప్పినంత బాగా ఎక్కడుందో చెప్పదు. వెతికే మీట నొక్కితే దగ్గరికెళ్ళేకొద్దీ బీప్ బీప్ అని వేగంగా మోగుతుంది, నిజమే. కానీ గోడవతల గోడౌన్‌లో ఉన్నదానికీ మోగుతుంది. మా కుర్రాడు ఒక ఉత్తరీయం కోసం వెతికి వెతికి, "ఏటి బాబూ ఇది, ఉందంటాది, సూపించదు!" అని రీడరు బల్లమీద పెట్టేశాడు. రీడరు పవరు తగ్గించి వెతకమని చెప్పాక వాడి కోపం కొంత తగ్గింది. వానాకాలంలో చెమ్మ పట్టిన మూటలు కూడా సరిగ్గా పలకవు, తడి ఈ తరంగాలని మింగేస్తుంది.

ఇక ఇత్తడి. మడపాం టోల్‌గేటు దగ్గర చదివే ఫాస్టాగూ ఈ జాతి ట్యాగే, పనిచేసేది మన దేశంలో లైసెన్సు అక్కర్లేని 865–868 మెగాహెర్ట్జ్ తరంగాల్లో. దాన్ని అద్దానికే అంటిస్తాం, కారు రేకుకి కాదు. కారణం మా చెంబుల దగ్గర కళ్ళకి కట్టింది. కాగితం ట్యాగుని ఇత్తడికి అంటిస్తే చచ్చినట్టే, లోహం యాంటెన్నా శ్రుతిని చెడగొట్టేస్తుంది. లోహం కోసమే చేసిన మందపాటి ట్యాగులున్నాయి, బాగానే పలుకుతాయి. కానీ వాటి ధర మామూలు వాటికి ఎన్నో రెట్లు, చిన్న దీపపు కుందికి అంత ఖర్చు కిట్టదు. దారం కట్టి చెంబుకి దూరంగా వేలాడదీస్తే ఒక్క చెంబు పలుకుతుంది. అలమార నిండా ఇత్తడే ఉన్నచోట ఒకటి పలికితే ఇంకోటి మూగపోతుంది. పెద్ద గంగాళాలకి మాత్రం ఖరీదైన ట్యాగులు ఉంచాం. మిగతా ఇత్తడికి పాత పుస్తకమే దిక్కు.

"ట్యాగుంది గనక అసలు పొందూరుదేనా?" అని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. మరమగ్గం బట్టని పొందూరు పేరుతో అంటగట్టేవాళ్ళు ఉన్నారు కాబట్టి ఆ అనుమానం న్యాయమే. చిప్పులో తయారీలోనే రాసేసిన నంబరు ఒకటి ఉంటుంది, దాన్ని మార్చలేరు. అయినా ట్యాగు కత్తిరించి వేరే బట్టకి కడితే అది పాపం పాత బట్ట నంబరే చెబుతుంది. నేతని చూసే కన్ను దీనికి లేదు. నేను ఆ మాటే చెబుతాను, నమ్మకం కోసం ట్యాగు చూపించను.

ఇంకో భయం, ఇంటికెళ్ళాక ఇది మమ్మల్ని కనిపెడుతుందా అని. బ్యాటరీ లేని కాగితం తనంతట తాను ఎవరికీ ఏమీ పంపదు. ఈ ట్యాగుల్ని శాశ్వతంగా చంపేసే ఆదేశం వీటి అంతర్జాతీయ ప్రమాణంలోనే ఉంది, కావాలంటే రీడరుతోనే చెయ్యొచ్చు. మేం మాత్రం బిల్లు దగ్గర కత్తెరతో దారం తెంపేస్తాం. కొన్నవాళ్ళ కళ్ళముందే తెంపితే ఇంక మాటుండదు.

ఖర్చు సంగతి. కాగితం ట్యాగులు టోకున కొంటే భారం కాదు, బరువంతా రీడరుదీ సాఫ్ట్‌వేర్‌దీ. సరుకు తక్కువున్న కొట్టుకి బార్‌కోడే చాలు. సాఫ్ట్‌వేర్‌కి ఏటేటా అద్దె అడుగుతారు, కాబట్టి సరుకు జాబితా మొత్తం ఎక్సెల్‌లోకి దించుకునే వీలుందో లేదో డబ్బు కట్టకముందే చేయించి చూడండి. మాకు ఆ వీలుంది. అందుకే రెండో ఏడు అద్దె పెంచుతామన్నప్పుడు, జాబితా మా చేతిలోనే ఉందని చెప్పి పాత రేటుకే ఒప్పించాం.