జాన్సన్‌ను తూకం వేయాలంటే ముందు రాంచ్, ఆ తర్వాతే ఆస్టిన్

టెక్సాస్‌లోని ఆస్టిన్ వెళ్లే మనవాళ్లు చాలామంది, 1960లలో అమెరికా అధ్యక్షుడిగా ఉన్న లిండన్ జాన్సన్ పేరిటి గ్రంథాలయం ఒక్కటే చూసి తిరిగొచ్చేస్తారు. ఇది అన్యాయం. చట్టాలు తెచ్చిన జాన్సన్ కనిపించేది స్టోన్‌వాల్ దగ్గరి ఆయన రాంచ్‌లో, అంటే పశువుల పొలంలో. యుద్ధం చేసిన జాన్సన్ వినిపించేది ఆస్టిన్‌లో. వరస తప్పితే మనిషి సగమే అర్థమవుతాడు.

రాంచ్ ఆస్టిన్‌కు పడమర దాదాపు 60 మైళ్లు, హైవే 290 మీద. ప్రవేశం ఉచితం. ముందు స్టేట్ పార్కు విజిటర్ సెంటర్‌లో కారుకు పర్మిట్ తీసుకోవాలి, దానికీ డబ్బు లేదు. పొద్దున్నే వెళ్లండి. పదవిలో ఉన్న కాలంలో దాదాపు నాలుగో వంతు జాన్సన్ గడిపిన 'టెక్సాస్ వైట్ హౌస్' ఇంటిని నిర్మాణ లోపాల వల్ల 2018లో మూసేశారు. లోపలికి పోవచ్చన్న ఆశతో వెళ్లకండి, బయలుదేరే ముందు పార్కు సైటులో చూసుకోండి.

ఇల్లు మూసినా నష్టం లేదు. ఆగాల్సింది జంక్షన్ స్కూల్ దగ్గర. చిన్నప్పుడు జాన్సన్ చదువుకున్న ఆ ఒంటిగది బడి దగ్గరే, మొదటి పంతులమ్మను పక్కన కూర్చోబెట్టుకుని, 1965 ఏప్రిల్ 11న విద్యా చట్టం మీద సంతకం పెట్టాడు. పేద జిల్లాల బడులకు కేంద్రం డబ్బు పెద్ద ఎత్తున చేరడం దానితోనే మొదలైంది. 1928లో కొటుల్లాలో మెక్సికన్ మూలాల పిల్లలకు పాఠాలు చెప్పినవాడు కాబట్టి ఆ పేదరికం ఆయనకు కాగితాల మీద తెలిసింది కాదు.

స్టేట్ పార్కులోనే ఉన్న సావర్-బెక్‌మన్ పొలం వదలొద్దు. కరెంటు రాకముందు 1918 నాటి బతుకును అక్కడి సిబ్బంది చేసి చూపిస్తారు: కట్టెల పొయ్యి మీద వంట, చేత్తో వెన్న తీయడం. వెంట వచ్చిన పెద్దవాళ్లు కదలనన్నది ఇక్కడే. 1930లలో ఈ కొండ ప్రాంతానికి కరెంటు తేవడానికి కాంగ్రెస్ సభ్యుడిగా జాన్సన్ ఎందుకంత పట్టుబట్టాడో ఆ వంటగదిలో నిలబడితే తెలుస్తుంది.

బసకు మాత్రం దగ్గర్లోని ఫ్రెడెరిక్స్‌బర్గ్ ఊరు వద్దు, ముఖ్యంగా శని, ఆదివారాల్లో. వైన్ తాగడానికి వచ్చే జనం వల్ల రేట్లు మండిపోతాయి. 189 డాలర్లని చూపించిన గది, శుభ్రం చేసే రుసుం 75, పన్నులు కలిపి 298 అయింది. ఆ డబ్బుకు దక్కింది తడి వాసన కొట్టే తివాచీ, వేడినీళ్లు రాని షవర్. అడిగితే ఫోన్ ఎత్తే దిక్కు లేదు. ఆస్టిన్‌లోనే ఉండి పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయడం మేలు. శాకాహారులు పులిహోర కట్టుకెళ్లండి, దారంతా బార్బెక్యూనే.

గ్రంథాలయానికి టికెట్ ఉంది, పార్కింగ్ ఉచితం. పక్కనే యూనివర్సిటీ స్టేడియం కాబట్టి ఫుట్‌బాల్ ఆట ఉన్న శనివారం ఆ చాయలకే పోవద్దు. పదో అంతస్తులో ఓవల్ ఆఫీసు నమూనా దగ్గర అందరూ ఫొటోల కోసం గుమిగూడతారు. మీ సమయం అప్పటి రికార్డింగులు వినిపించే ఫోన్ల దగ్గర పెట్టండి. రిసీవర్ చెవిన పెట్టుకుంటే జాన్సన్ గొంతే వినిపిస్తుంది: బతిమాలడం, బెదిరించడం, లెక్కలు అప్పజెప్పడం. 1964లో పౌరహక్కుల చట్టం ఎలా గట్టెక్కిందో ఆ గొంతు వింటే చాలు.

వెళ్లేముందే ఇంట్లో నెట్‌లో ఒక టేపు వినండి, 1964 మే 27న సలహాదారు మెక్‌జార్జ్ బండీతో మాట్లాడింది. వియత్నాం కోసం పోరాడటం దండగ అనీ, అయినా బయటపడలేమనీ జాన్సనే అంటాడు. ఏడాది తిరక్కుండానే, 1965 మార్చిలో, డా నాంగ్‌లో మెరీన్లను దింపాడు. జులై 28న వియత్నాంలోని అమెరికా సైన్యాన్ని 75,000 నుంచి 1,25,000కు పెంచుతున్నానన్నాడు, రెండు రోజులకు వృద్ధులకు వైద్య బీమా ఇచ్చే మెడికేర్ మీద సంతకం చేశాడు. 1968కి సైన్యం 5 లక్షలు దాటింది. తెలియక దిగినవాణ్ని క్షమించొచ్చు, తెలిసి దిగాడు. ఇదే ఆయన మీద నా ప్రధాన ఫిర్యాదు.

మనకు సంబంధించిన లెక్క కూడా రెండు వైపులా ఉంది. ఏడాదికి 100 మంది భారతీయులకే ఉన్న కోటాను 1965 అక్టోబరు 3 నాటి వలస చట్టం ఎత్తేసింది. ఆస్టిన్ శివార్లలోని రౌండ్ రాక్, సీడార్ పార్క్‌లలో ఇన్ని తెలుగు ఇళ్లు ఉన్నాయంటే ఆ సంతకం చలవే. అదే జాన్సన్ 1966 కరవులో పీఎల్-480 అనే ఆహార సాయం కింద మనకు వచ్చే గోధుమలను నెలనెలా బిగబట్టి వదిలాడు. వియత్నాం బాంబు దాడులను ఇందిర ప్రభుత్వం విమర్శించడం ఆయనకు మింగుడుపడలేదు.