ప్లాన్ గీసేటప్పుడే ఏసీ కన్సల్టెంట్: బెజవాడలో మా ఇంటి అనుభవం

మాది విజయవాడ సింగ్ నగర్ వైపు, పడమర ముఖం ఇల్లు. కింద ఒక అంతస్తు, పైన ఒకటి. ఏ గదికి ఎంత ఏసీ కావాలో, పైపులు ఎటు పోవాలో లెక్కగట్టి చెప్పే ఏసీ కన్సల్టెంట్‌ని ప్లాన్ దశలోనే పెట్టుకుని కట్టించి, 2018లో గృహప్రవేశం చేశాం. కట్టడం మొదలుపెట్టకముందు మా చుట్టాలందరిదీ ఒకటే ప్రశ్న, "పునాది కూడా తీయకుండానే ఏసీ ఆయనకి ఫీజు ఏంటయ్యా?" అని. ఆ ఫీజు ఒక మంచి ఇన్వర్టర్ ఏసీ ధరంత అయింది మరి. ఇన్ని ఎండాకాలాలు ఆ ఇంట్లో గడిపాక చెబుతున్నాను, నాలుగైదు గదులకు ఏసీలు పెట్టుకునే సొంత ఇంటికి అది దండగ ఖర్చు కాదు. అలాగని అన్నీ బాగున్నాయనీ అనను.

మొదటి మీటింగులో ఆ కన్సల్టెంట్ ఏసీల ఊసే ఎత్తలేదు. ప్లాన్ చూసి, "ఈ పడకగదికి పడమర గోడ మొత్తం ఎండకి వదిలేశారేంటి?" అని ఆర్కిటెక్టును అడిగారు. సాయంత్రం దాకా కాగిన గోడ ఆ వేడిని రాత్రి మనం పడుకున్నాక గదిలోకి వదులుతుంది. ఏసీ సగం పని దానితోనే సరిపోతుంది. గదిని తూర్పుకి జరుపుదామంటే సిద్ధాంతి గారు ఒప్పుకోలేదు, పెద్ద పడకగది నైరుతిలోనే ఉండాలట. ఆఖరికి గదిని కదపకుండా దాని పడమర గోడ వెంట బాత్‌రూమ్, బట్టల అలమరాలు పెట్టారు. మెట్లు కూడా పడమరకే వచ్చాయి. వాస్తుకి, ఏసీకి రాజీ కుదిరిందన్నమాట. పడమర కిటికీలకు పైన సన్‌షేడ్ ఒక్కటే చాలదని నిలువు జాలీలు కూడా పెట్టించారు. సాయంత్రం ఎండ పై నుంచి కాదు, ఎదురుగా కొడుతుంది కదా. ఆర్కిటెక్టుకి ఎలివేషన్, అంటే ఇల్లు బయటికి కనిపించే తీరు, పాడైందని కాస్త కోపం వచ్చింది. నాకైతే ఆ జాలీలే బాగున్నాయి.

ఇవన్నీ లెక్కలోకి తీసుకుని హీట్ లోడ్, అంటే గదిలో చేరే వేడి ఎంతో, లెక్క వేస్తే ఆ గదికి ఒకటిన్నర టన్ను చాలని తేలింది. షాపువాళ్లు మాత్రం కళ్లు మూసుకుని రెండు టన్నులు అన్నారు. పెద్దది కొంటే నష్టమేముంది అనుకుంటాం. కానీ అవసరానికి మించిన ఏసీ గదిని గబుక్కున చల్లబరిచి కంప్రెసర్ ఆపేస్తుంది, గాలిలో తేమ మాత్రం సరిగ్గా లాగదు. బెజవాడలో ఆ తేడా రోహిణి కార్తెలో కన్నా వానలు మొదలయ్యాక తెలుస్తుంది. చల్లగానే ఉంటుంది, ఒళ్లు మాత్రం జిడ్డుగా ఉంటుంది. మాకు ఆ బాధ లేదు. మేలో కూడా 26 డిగ్రీల్లో పెట్టి ఫ్యాన్ తిప్పుకుంటే హాయిగా నిద్రపడుతుంది.

నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది స్లాబ్‌కి ముందు రోజు ఆయన సైటుకి రావడం. సెంట్రింగ్ మీదికెక్కి, ఏసీ పైపులు దాటే ప్రతి బీములోనూ స్ట్రక్చరల్ ఇంజినీరు ఒప్పుకున్న చోటే పీవీసీ గొట్టం ముక్కలు పెట్టించారు. కాంక్రీటు పోశాక బీముకి కన్నం కొట్టడం ఎంత ప్రమాదమో మేస్త్రీలకు తెలియనిది కాదు, అయినా చాలా ఇళ్లలో కొట్టేస్తారు. ఏసీ నీళ్లు బయటికి పోయే డ్రెయిన్ పైపుకి మీటరుకి సెంటీమీటరు వాలు ఇచ్చి, ప్లాస్టరింగ్‌కి ముందే నీళ్లు పోసి చూపించమన్నారు. ఇప్పటిదాకా మా ఇంట్లో ఏసీ నీళ్లు గోడ మీద కారలేదు.

ఔట్‌డోర్ యూనిట్లు ఇరుకు సందులో పెడితే వదిలిన వేడిగాలినే మళ్లీ పీల్చుకుంటాయని, అన్నిటినీ పై అంతస్తు ఎత్తులో గాలి ఆడే చోట పెట్టించారు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు మా వీధిలో నేల మీద పెట్టుకున్న యూనిట్లు బురదనీళ్లలో మునిగాయి. మావి మునగలేదు. ఆయన వరద కోసం పెట్టలేదు, గాలి కోసం పెట్టారు, అది వేరే సంగతి.

ఇక బాగోలేనివి. ఆర్కిటెక్టు, కన్సల్టెంట్ ఇద్దరికీ మధ్య డ్రాయింగులు తిరిగి తిరిగి పని ఆలస్యమైంది, మాకు టెన్షన్. గోడ లోపల ఏసీ గ్యాస్ తిరిగే రాగి పైపుకి ఎక్కడా అతుకు ఉండకూడదని ఆయన రాసిచ్చినా, పైపులు వేసిన కాంట్రాక్టరు ఒక చోట అతుకు పెట్టి పూడ్చేశాడు. కొన్నేళ్లకి అక్కడే గ్యాస్ లీకై టైల్స్ పగలగొట్టాల్సి వచ్చింది. ప్లాస్టరింగ్‌కి ముందు తీసిన ఫొటోలు, పైపుల డ్రాయింగు ఉండబట్టి గోడంతా తవ్వకుండా ఒక్క చోటే తవ్వారు. పిల్లల గదిలో బయటి గాలి లోపలికి తెచ్చే ఫిల్టరు ఫ్యాన్ కూడా పెట్టించారు. మా రోడ్డు దుమ్ముకి ఆ ఫిల్టరు కడగలేక చాలాసార్లు ఆపేస్తున్నాం.

హాల్లో ఫాల్స్ సీలింగ్ లోపల దాచి, గొట్టాల ద్వారా చల్లగాలి పంపే డక్టబుల్ యూనిట్ పెట్టించారు, చూడ్డానికి బాగుంటుంది. కానీ సర్వీసింగ్ కోసం వదిలిన తలుపు చిన్నదైంది, మెకానిక్ వచ్చినప్పుడల్లా సణుగుతాడు. ఇల్లు కట్టేవాళ్లు ఆ తలుపు కొలత యూనిట్ మోడల్ ఖరారయ్యాకే వడ్రంగికి ఇవ్వండి.

అపార్ట్‌మెంటులో ఫ్లాట్ కొనేవాళ్లకి విడిగా కన్సల్టెంట్ అక్కర్లేదని నా ఉద్దేశం. గోడలు, కిటికీలు మీ చేతిలో ఉండవు. బిల్డరుని మాత్రం రెండు అడగండి. ఔట్‌డోర్ యూనిట్ ఎక్కడ పెడతారు, మెకానిక్ అక్కడికి తాడు కట్టుకోకుండా చేరగలడా అని. డ్రెయిన్ పైపు ఎటు పోతుంది, కింది ఫ్లాటు బాల్కనీలోకా అని.