ఒక్క మెతుకు చాలా? లెక్కల్లో పరీక్షలు మేలా, నిరూపణ మేలా?

అన్నం ఉడికిందో లేదో చూడాలంటే గిన్నెలో మెతుకులన్నీ నలిపి చూడం, ఒక్కటి పట్టుకుంటే చాలు. ఇదే పద్ధతిని లెక్కల్లోకి తెచ్చి, "వంద సంఖ్యలకు సరిపోయింది, కంప్యూటర్ పెట్టి కోటి దాకా చూశాం, అయినా నిరూపణ ఎందుకండీ?" అని అడిగేవాళ్లు చాలామందే ఉన్నారు. అడగాల్సిన ప్రశ్నే. నేను మాత్రం లెక్కల వరకు నిరూపణ వైపే ఉంటాను, సైన్సుకొచ్చేసరికి అటు మారతాను.

మొన్న సెలవుల్లో మా అక్క కొడుకు చేత ఒక బొమ్మ గీయించాను. వృత్తం మీద రెండు బిందువులు పెట్టి కలిపితే లోపల 2 గదులు. మూడు పెట్టి ఒక్కోదాన్నీ మిగతావాటితో కలిపితే 4, నాలుగైతే 8, అయిదైతే 16. "ఆరుకి 32, గీయక్కర్లేదు మామయ్యా" అన్నాడు వాడు. గీయి అన్నాను. ఒక్కో గదిలో పెన్సిల్‌తో నంబర్ వేసుకుంటూ లెక్కపెడితే 30 వచ్చాయి, ఎందుకంటే బిందువుల్ని సమానదూరంలో పెట్టడంతో మూడు గీతలు సరిగ్గా మధ్యలో కలిసిపోయాయి. బిందువుల్ని కొంచెం అటూ ఇటూ జరిపి మళ్లీ గీస్తే 31. ముప్ఫై రెండోది ఎక్కడో మిస్సయిందని పేజీ తిప్పి తిప్పి వెతికాడు, పాపం. అది లేదు. ప్రతి జ్యా (రెండు బిందువుల్ని కలిపే గీత) ఒక గదిని పెంచుతుంది, రెండు జ్యాలు ఖండించుకున్న ప్రతిచోటా ఇంకో గది పెరుగుతుంది, కాబట్టి ఆరు బిందువులకు మొదటి గది 1, జ్యాలు 15, ఖండనలు 15, మొత్తం 31. రెట్టింపవడం అనేది మొదట్నుంచీ అక్కడ లేదు, మనకు అలా కనిపించిందంతే.

అయిదే కదా, ఇంకా చూడాల్సింది అంటారా? 1919లో గణితవేత్త జార్జ్ పోల్యా ఒక ఊహ చెప్పాడు: 1 నుంచి మొదలుపెట్టి 2 గానీ, అంతకంటే పెద్ద ఏ సంఖ్య దాకా గానీ చూసినా, బేసి సంఖ్యలో ప్రధాన కారణాంకాలున్న సంఖ్యలు (2×2×2 అంటే మూడు కారణాంకాలు, అలా లెక్క) కనీసం సగం ఉంటాయని. చూసినంత మేరా సరిపోతూనే ఉంది. 1958లో హేసెల్‌గ్రోవ్ అది తప్పని నిరూపించాడు. మొట్టమొదట తప్పేచోటు ఎక్కడో తెలుసా, 90 కోట్ల 61 లక్షల 50 వేల 257 దగ్గర! కోటి దాకా చూసినవాడికీ, యాభై కోట్ల దాకా చూసినవాడికీ అనుమానమే రాదు. ప్రధాన సంఖ్యల లెక్క మీద రామానుజన్ 1913లో ఇంగ్లండ్ గణితవేత్త హార్డీకి రాసి పంపినవాటిలో కూడా తప్పులు దొర్లాయి, అంతటి చూపున్న మనిషికే!

నిరూపణ ఇంకేం ఇస్తుందో చెప్పాలంటే ముగ్గు చుక్కలు చాలు. ఒక చుక్క పెట్టండి. దాని పక్కన, కింద, మూలన కలిపి 3 చుక్కలు చేరిస్తే 2×2 చదరం. మళ్లీ అలాగే రెండు వైపులా 5 చేరిస్తే 3×3, ఇంకో 7 చేరిస్తే 4×4. బేసి సంఖ్యల్ని 1 నుంచి వరసగా కూడితే ఎప్పుడూ వర్గమే ఎందుకొస్తుందో కళ్ల ముందే ఉంది: చదరం ఎంతదైనా ఒక అడ్డవరస, ఒక నిలువువరస, మూలన ఒకటి. కోటి ఉదాహరణలు చూసినా ఈ "ఎందుకు" దొరకదు.

అలాగని ఇదే కొలబద్దను సైన్సు మీద పెట్టి "నిరూపించారా?" అని నిలదీయడం అన్యాయం. అక్కడ మెతుకు పట్టి చూడటమే పద్ధతి, అది పనిచేస్తుంది కూడా, ఎందుకంటే గిన్నె ఒకటే, నీళ్లు ఒకటే, మంట ఒకటే. సంఖ్యలకు అలాంటి ఉమ్మడి మంట ఉందని చూపించడమే నిరూపణ పని. సైన్సులో అది ఉందని నమ్మి ముందుకెళ్తాం, తేడా కనిపిస్తే సరిదిద్దుకుంటాం. యురేనస్ దారి తప్పుతోందంటే ఫ్రెంచ్ ఖగోళవేత్త లెవెరియే న్యూటన్ సూత్రాలతోనే లెక్కగట్టి ఇంకో గ్రహం ఉండాలన్నాడు, 1846లో నెప్ట్యూన్ దొరికింది. బుధుడి కక్ష్యలోనూ తేడా ఉంటే మళ్లీ ఇంకో గ్రహమే అనుకున్నాడు, అది ఎంత వెతికినా దొరకలేదు. శతాబ్దానికి 43 ఆర్క్ సెకండ్ల (ఆర్క్ సెకండ్ అంటే డిగ్రీలో 3600వ వంతు) ఆ చిన్న తేడాకు కారణం 1915లో ఐన్‌స్టీన్ చెప్పేదాకా తెలియలేదు. తప్పని తేలే అవకాశం ఉన్నదే సైన్సు అని తత్వవేత్త కార్ల్ పాపర్ వాదించింది ఇలాంటివి చూసే.

మరి కంప్యూటర్ చేసిన నిరూపణ? ఏ పటంలోనైనా పక్కపక్క ప్రాంతాలకు వేర్వేరు రంగులు వేయడానికి నాలుగు రంగులు చాలనే సిద్ధాంతాన్ని 1976లో అలా తేల్చినప్పుడు చాలామందికి మింగుడుపడలేదు. నాకు అభ్యంతరం లేదు, అక్కడ కంప్యూటర్ చూసింది అన్ని పటాలనూ లెక్కపెట్టగలిగినన్ని కేసులకు కుదించాక మిగిలిన కేసులన్నిటినీ, కొన్నిటిని కాదు. "ఎందుకు" మాత్రం అందులో సరిగ్గా కనపడదు, ఆ వెలితి నాకుంది.

ఉదాహరణలు వద్దనడం లేదు, అవి లేకపోతే ఏం నిరూపించాలో కూడా తెలియదు. 2 కంటే పెద్దదైన ప్రతి సరి సంఖ్యా రెండు ప్రధాన సంఖ్యల మొత్తమే అనే గోల్డ్‌బాక్ ఊహ 1742 నాటిది, 4 పక్కన 18 సున్నాలు పెట్టినంత దాకా చూశారు, ఎక్కడా తప్పలేదు. నిజమేనని పందెం కాయమంటే కాస్తాను. సిద్ధాంతం అని రాయమంటే మాత్రం ఇంకా రాయను.