ఏ స్టేషన్‌లో ఆపినా ఊడిరాదు: పాసింజర్ బండిలో నా క్రోషియా

క్రోషియా అంటే కొక్కెం ఉన్న ఒక్క సూదితో దారం అల్లడం. అందులో నాకు అన్నిటికంటే నచ్చింది సూది మీద ఎప్పుడూ ఒకే ఒక్క లూపు ఉండటం. నేనుండేది విజయనగరం, ఉద్యోగం శ్రీకాకుళం వైపు. పొద్దున్నే పలాస వెళ్ళే బండి ఎక్కితే నెల్లిమర్ల, చీపురుపల్లి, పొందూరు, దూసి దాటుకుని ఆమదాలవలసలో దిగుతాను. సీటు దొరికినా చీపురుపల్లిలో జనం ఎక్కేసరికి మోచేతులు ఒంటికి అంటించుకుని కూర్చోవాలి. అలాంటి చోట రెండు సూదుల అల్లిక సాగదు.

ఆ రెండు సూదుల పని నాకు మా ఆడపడుచు నేర్పింది. వాళ్ళాయన మిలటరీ. జమ్ములో క్వార్టర్స్‌లో ఉన్నప్పుడు పక్కింటి పంజాబీవాళ్ళ దగ్గర నేర్చుకుందట. స్వెట్టర్ అల్లితే కొన్నదనుకోవాల్సిందే. కానీ అందులో వరసలోని కుట్లన్నీ సూది మీదే ఉంటాయి. ఎవరి సంచో తగిలి సూది జారితే చాలు, ఓ పది కుట్లు గాల్లో తేలతాయి. వాటిలో ఒకటి కిందికి దిగడం మొదలుపెడితే ఎన్ని వరసలు ఊడతాయో చెప్పలేం. క్రోషియాలో అలా కాదు. ఒక కుట్టు పూర్తయితే దాని గురించి మర్చిపోవచ్చు. టీసీ వస్తే పాస్ తీయాలి, పక్కావిడ జరగమంటుంది, ఇంతలో దూసి దాటేస్తుంది. ఎప్పుడైనా సరే, ఉన్నపళంగా సంచిలో పడేసి లేచిపోతాను.

అల్లితే మనసు ప్రశాంతంగా ఉంటుందని అందరూ అంటారు. నాకైతే లెక్క వల్ల సుఖం. ఆరు, ఏడు, ఎనిమిది అని లెక్కపెట్టుకుంటున్నంతసేపూ బుర్రలోకి ఇంకోటి దూరదు. ఇదివరకు సాయంత్రం బండిలో ఆఫీసు గ్రూపు మెసేజ్‌లు చూసుకుంటూ టెన్షన్ పడేదాన్ని. ఇప్పుడు రెండు చేతులూ ఊలులో ఉంటాయి కాబట్టి ఫోను సంచిలోనే మోగి మోగి ఊరుకుంటుంది. పైగా "ఏటమ్మా అల్లతన్నావు?" అని ఎవరో ఒకరు పలకరిస్తారు. ఊలు తోరణాలు, టీవీ మీద కప్పే గుడ్డలు, వాళ్ళమ్మ అల్లిన లేసు, అన్నీ మాటల్లోకి వస్తాయి.

ఇక సూది సంగతి. బొటనవేలి మొదట్లో నొప్పి మొదలయ్యాక మామూలు సన్నటి సూది వదిలి, మెత్తటి రబ్బరు పిడి ఉన్న సెట్టు ఆన్‌లైన్‌లో తెప్పించాను. కంపెనీ పేరు ఎందుకులెండి, అలాంటివి చాలామంది అమ్ముతున్నారు. మొదట్లో నేనూ తెగ మెచ్చుకున్నాను. లావుగా ఉండటంతో గట్టిగా నొక్కిపట్టే పని లేదు, నొప్పి నిజంగానే తగ్గింది. వేసవి రాగానే పిడి జిగురు తేలింది. పట్టుకుంటే వేలికి అంటుకుంటుంది, వదిలితే చప్పుడుతో ఊడుతుంది. ఆ రబ్బరులాంటి ప్లాస్టిక్ మెత్తగా ఉండటానికి కలిపే నూనెలాంటి పదార్థం వేడికీ చేతి జిడ్డుకీ పైకి వచ్చేస్తుంది. మన ఉక్కపోత సంగతి తెలిసిందే కదా. సంచిలోని నూగంతా దానికే పట్టేది.

అది కూడా సర్దుకుపోయేదాన్నే. కానీ అప్పుడే మా మేనకోడలి బారసాలకని లేతపసుపు రంగు దుప్పటి అల్లుతున్నాను. పిడి మీది నల్లటి జిగురు నా చూపుడువేలికి, అక్కణ్ణుంచి దారానికి ఎక్కింది. సాయంత్రం బండిలో లైట్లు అంతంతమాత్రం కావడంతో ఇంటికొచ్చి పరిస్తే గాని కనపడలేదు. దుప్పటి సరిగ్గా మధ్యలో వేలెడు పొడుగు మరక. సబ్బునీళ్ళలో నానబెడితే నలుపు కాస్తా బూడిదరంగుకు దిగింది, అంతే. ఆ వరసలన్నీ విప్పి, మరకబడిన దారం కత్తిరించి, ముడి వేసి మళ్ళీ అల్లాను. బారసాలకు దుప్పటి అందింది కానీ, ఆ ముడి ఎక్కడుందో నాకిప్పటికీ వేలికి తెలుస్తుంది. పిడిని స్పిరిట్‌తో తుడిస్తే రెండు రోజులు బాగుండేది, మళ్ళీ మొదటికే. టాల్కమ్ పౌడర్ రాస్తే ఉండలు కట్టింది.

దీనికి మందు పొందూరులో దిగే ఒకావిడ చెప్పారు. వాళ్ళింట్లో ఖద్దరు నూలు వడుకుతారు. వాలుగ చేప దవడతో పత్తి ఏకే ఊరు కదా, దారం గురించి వాళ్ళకి మనం చెప్పేదేముంది! సూది చూసి, "ఓలమ్మా, ఇదేటి బంక కారతంది? పిడి పీకి పారెయ్యి. నూలు సుట్టుకో, సెమట పీల్చేస్తాది" అన్నారు. ఇంటికెళ్ళి బ్లేడుతో రబ్బరు కోసేశాను. లోపల పెన్సిల్ కన్నా సన్నటి కడ్డీ ఉంది. తర్వాత ఆవిడే బండిలో చేసి చూపించారు: ముందు కొంచెం దారాన్ని మడిచి కడ్డీ పొడుగునా పెట్టాలి, దాని మీంచి సందు లేకుండా బిగించి చుట్టుకుంటూ రావాలి, చివరి కొసని ఆ మడతలోంచి దూర్చి, రెండో పక్క నుంచి లాగాలి. కొస చుట్ల కిందికి వెళ్ళిపోతుంది. ముడీ లేదు, జిగురూ లేదు. మాసిపోతే విప్పి కొత్త దారం చుట్టుకోవడమే. డబ్బులిచ్చి కొన్న పిడి కన్నా ఇది చేతికి నయంగా ఉంది. సెట్టులో మిగతా సూదులకూ ఇదే వైద్యం చేశాను.

ఎక్కడైనా ఆపేయొచ్చు అన్నాను కదా, దానికో షరతు ఉంది. సంచిలో సూది లూపులోంచి జారి, దారం దేనికైనా తగులుకుంటే వరసలకి వరసలు ఊడిపోతాయి. ఆపినప్పుడల్లా ఆ లూపుకి పిన్నీసు పెట్టుకోవాలి. పువ్వుల డిజైన్లయితే మధ్యలో ఆపితే లెక్క తప్పుతుంది, అందుకే బండిలో సాదా వరసలే, డిజైన్ ఆదివారం ఇంట్లో. ఇంకోటి, అదే కొలతకి క్రోషియా ఊలు ఎక్కువ తింటుంది, గుడ్డ కూడా కాస్త బిరుసుగా వస్తుంది. ఒంటి మీద వేసుకునేదైతే మా ఆడపడుచు సూదులే మేలు. అయినా మన ఎండలకి స్వెట్టర్ ఎవరికి కావాలి, అరకు వెళ్తే తప్ప. దించుడు గుడ్డలు అల్లేవాళ్ళు మాత్రం అక్రిలిక్ ఊలు ముట్టకండి, వేడి గిన్నెకి కరుగుతుంది. నూలు దారమే వాడాలి.

"అమ్ముకోవచ్చు కదా" అని అడిగేవాళ్ళున్నారు. నర్సాపురం లేసు కూడా క్రోషియానే, దానికి 2024లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చినప్పటి నుంచీ ఈ సలహా ఎక్కువైంది. అక్కడి ఆడవాళ్ళకది కూలిపని, కళ్ళూ నడుమూ అరగదీసుకునే పని. నాకు ఫలానా తేదీకి ఇవ్వాలని అడిగేవాళ్ళు లేరు కాబట్టే ఇది సరదా. నెలజీతం లేకుండా ఇదే ఆధారమైతే ఈ మాట ఇలా రాసేదాన్ని కాదేమో.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు సెట్లు కొనకండి. 4 మిల్లీమీటర్ల అల్యూమినియం సూది ఒకటి, లేతరంగు ఊలు ఒక ఉండ చాలు. నల్లరంగులో కుట్లు కనపడవు. కారులోనో బైకు మీదో ఆఫీసుకెళ్ళేవాళ్ళకి నేను చెప్పిన లాభంలో సగం వర్తించదు. ఇక మా ఆడపడుచునడిగితే, క్రోషియా అసలు అల్లికే కాదంటుంది.