మొహమాటం ఉంటే కష్టం: జర్మన్ ఇంట్లో 22 నెలలు

వైజాగ్ ఎంవీపీ కాలనీలో మా డాబా మీద కూర్చుని ఇది రాస్తున్నాను. నేను తిరిగొచ్చినప్పటి నుంచి, జర్మనీ వెళ్ళబోయే పిల్లలు వరసగా ఫోన్ చేసి "అన్నయ్యా, ఎవరో ముసలాళ్ళ ఇంట్లో ఉన్నావంట కదా, బాగుంటుందా?" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ గంటసేపు చెప్పే ఓపిక లేదు, అందుకని ఒకేచోట రాసేస్తున్నాను.

జర్మనీలో కొన్ని ఊళ్ళలో 'వోనెన్ ఫ్యూర్ హిల్ఫె' అనే పద్ధతి ఉంది. అద్దెకి బదులు సాయం అన్నమాట. గది ఎన్ని చదరపు మీటర్లుంటే నెలకి అన్ని గంటలు ఇంటి పనిలో సాయపడాలి. కరెంటు, నీళ్ళు, హీటింగ్ ఖర్చు మనదే. కొలోన్‌లో నాది 14 చదరపు మీటర్ల గది కాబట్టి నెలకి 14 గంటలు. ఆకులు ఊడవడం, సరుకులు మోసుకురావడం, మంచు పడితే గుమ్మం ముందు తీయడం, ప్రింటర్ మొరాయిస్తే చూడటం. రోగులకి సేవ చేయడం ఇందులోకి రాదు, ఆ భయం అక్కర్లేదు. ఇంటాయనకి 78, ఆవిడకి 74. 2023 అక్టోబరు నుంచి 2025 ఆగస్టు దాకా అక్కడే ఉన్నాను.

డబ్బుల సంగతి త్వరగా చెప్పేస్తాను. నేను వెళ్ళినప్పుడు స్టూడెంట్ వీసాకి బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే ముందే డబ్బంతా వేసి నెలనెలా కొంచెమే తీసుకోగలిగే ఖాతాలో, 11,208 యూరోలు చూపించాల్సి వచ్చేది, అందులోంచి నెలకి 934 చేతికొచ్చేవి. బయట గదికి 450 అడిగారు. ఈ ఇంట్లో నాకు నెలకైన ఖర్చు 70. టీవీ, రేడియో చందా అని ఇంటికి ఒకటి చొప్పున నెలకి 18.36 కట్టాలి, అది వాళ్ళే కడుతున్నారు కాబట్టి నాకు తప్పింది. డబ్బు కోసమే అయితే కళ్ళు మూసుకుని వెళ్ళిపోవచ్చు.

కానీ మొదటి రాత్రి సంగతి వినండి. నేను చేరేసరికి సాయంత్రం 7 అయింది. ఆవిడ బల్ల మీద రొట్టె, చీజ్, ఊరేసిన దోసకాయలు సర్ది "తింటారా?" అన్నారు. నేను మనింట్లోలాగే "అబ్బే, పర్లేదండీ" అన్నాను. ఇంకోసారి అడుగుతారు కదా అని నా ధీమా. ఆవిడ "సరే" అని నా ముందున్న పళ్ళెం తీసి అల్మారాలో పెట్టేశారు. వాళ్ళిద్దరూ తింటుంటే నేను ఎదురుగా కూర్చుని నీళ్ళు తాగాను. అమ్మ ఇచ్చిన మాడుగుల హల్వా డబ్బా రాగానే ఆవిడ చేతిలో పెట్టేశాను, అదీ ఆ అల్మారాలోకే వెళ్ళింది. మన హల్వాయే, మనకి అడగడానికి నోరు రాదు. ఖాళీ కడుపుతో పడుకున్నాను.

ఆ ఇంట్లో అవునంటే అవును, కాదంటే కాదు. ఇది అర్థం కావడానికి నాకు ఆర్నెల్లు పట్టింది.

వంటగదిలో ఫ్రిజ్ పక్కన దారంతో కట్టిన ఒక నోట్‌బుక్, పెన్సిల్ వేలాడుతుండేవి. చేసిన గంటలు అందులో రాయాలి. ఒకసారి ప్రింటర్ బాగుచేశాక, ఇంత చిన్నదానికి రాయడమేంటని వదిలేశాను. మర్నాడు చూస్తే ఆవిడ చేతిరాతతో 'అరగంట' అని ఉంది. ఫిబ్రవరి పరీక్షల్లో నాకు 9 గంటలు బాకీ పడ్డాయి. ముఖం చూపించలేక వాళ్ళు పడుకున్నాక వంట చేసుకునేవాణ్ణి. వారం తర్వాత ఆయన తలుపు కొట్టి "మార్చిలో చేస్తే సరిపోతుందా?" అన్నారు. అంతకుమించి ఒక్క మాట లేదు. వారం రోజులు టెన్షన్ పడింది నేనొక్కణ్ణే.

ఇక కష్టాలు. చలికాలంలో గదిలో బట్టలారేస్తే తేమ పెరిగి గోడలకి బూజు పడుతుంది. ఆయన నా బల్ల మీద తేమ కొలిచే చిన్న మీటర్ పెట్టారు. 60 శాతం దాటితే హీటర్ కట్టేసి, కిటికీ బార్లా తెరిచి పది నిమిషాలు ఉంచాలి. జనవరిలో! ఓరోజు మీటర్ 72 చూపిస్తే ఆయన ముఖంలో రంగు మారింది. సముద్రం పక్కన పెరిగినవాడికి 72 అంటే ఒక లెక్కా? ఎండుమిర్చి పోపు పెడితే సీలింగ్ మీద పొగ అలారం కూసేది. రాత్రి 10 దాటితే చప్పుడు చేయకూడదు. మా అమ్మేమో తెల్లారి 5కి కాఫీ కలుపుకుని ఫోన్ చేసేది, వేసవిలో అక్కడ అప్పటికి రాత్రి ఒంటిగంటన్నర.

ఎనిమిదో నెలలో ఆవిడ చెయ్యి చాపి, ఇకనుంచి 'మీరు' వద్దు, పేరు పెట్టి 'నువ్వు' అనమన్నారు. అక్కడ అది పెద్ద ఆత్మీయత. 74 ఏళ్ళ మనిషిని పేరు పెట్టి పిలవాలంటే నాకు నాలుక తిరగలేదు. 'మామ్మ' అంటే ఏంటో చెప్పి, అలాగే పిలుస్తానన్నాను. ఒప్పుకున్నారు. నేను అక్కడ నోరు తెరిచి అడిగిన మొదటి సంగతి అదే.

నా మార్కులు 5కి 4. పోయిన ఒక్కటి జనవరి కిటికీది. అడగడం, వద్దనడం చేతనైనవాళ్ళు వెళ్ళండి. అర్ధరాత్రి ఫ్రెండ్స్‌తో బిర్యానీ వండుకోవాలనుకునేవాళ్ళు హాస్టల్ చూసుకోండి.

అంత చెప్తున్నాను గానీ, పూర్ణా మార్కెట్లో కొన్న ఎండు నెత్తళ్ళు మూడు కవర్లలో చుట్టి పట్టుకెళ్ళాను. వేయించుకోవచ్చా అని 22 నెలలూ అడగలేకపోయాను. ఆ పొట్లం సూట్‌కేసు అడుగునే ఉండి, నాతోపాటే వైజాగ్ తిరిగొచ్చింది. అమ్మ ముడి విప్పి, ముక్కు మూసుకుని, పెరట్లోకి పట్టుకెళ్ళి పారేసింది.