జర్మనీలో ఒక సెమిస్టర్: ల్యాప్‌టాప్ మోసుకెళ్లాలా, వద్దా?

ఎక్స్ఛేంజ్ సెమిస్టర్ కోసం బెర్లిన్ బయలుదేరే ముందు, వీసా పని అయిపోయాక నాకు మిగిలిన పెద్ద టెన్షన్ ల్యాప్‌టాప్. అప్పటికే అక్కడ చదువుతున్న ఇద్దరు సీనియర్లను అడిగాను. "వదిలేసి రా తమ్ముడూ, ఇక్కడ క్యాంపస్ నిండా కంప్యూటర్లే" అన్నాడు అన్న. "ఇంకేం మర్చిపోయినా పర్లేదు, అది మాత్రం మర్చిపోకు" అంది అక్క. ఇద్దరూ తమ అనుభవమే చెప్పారని అక్కడికి వెళ్లాక అర్థమైంది. అన్న క్యాంపస్ పక్కనే ఉంటున్నాడు. అక్క హాస్టల్ నుంచి క్యాంపస్‌కు రెండు రైళ్లు మారాలి. ల్యాప్‌టాప్ అవసరమా కాదా అన్నది కోర్సు కన్నా ముందు మీకు దొరికే గదిని బట్టి ఉంటుంది. ఈ మాట వెళ్లేవాళ్లకు ముందే ఎవరో ఒకరు చెప్పాలని నా కోరిక.

నేను తీసుకెళ్లాను. విమానంలో దాని బాధ మొదట బరువు రూపంలో తెలిసింది. ఎకానమీలో చేతి సామాను చాలా ఎయిర్‌లైన్స్‌లో 7 కిలోలు, కొన్నింటిలో 8. పదిహేను అంగుళాల గేమింగ్ ల్యాప్‌టాప్, దాని ఇటుకంత చార్జర్ కలిపితే దాదాపు మూడు కిలోలు అక్కడే పోతాయి. చెక్-ఇన్ సూట్‌కేసులో పడేద్దామా అంటే, అది పగలడానికో పోవడానికో దారి చూపించడమే. బ్యాటరీ 100 వాట్-అవర్ లోపు ఉంటే క్యాబిన్‌లోకి అభ్యంతరం ఉండదు, 100 నుంచి 160 మధ్య ఉంటే ఎయిర్‌లైన్ అనుమతి కావాలి. మామూలు ల్యాప్‌టాప్‌లన్నీ 100 లోపే. అడుగున ఉన్న లేబుల్ మీద రాసి ఉంటుంది, ఒకసారి చూసుకుంటే చాలు. పవర్ బ్యాంక్ అయితే ఎప్పుడూ క్యాబిన్‌లోనే, చెక్-ఇన్‌లో కుదరదు.

కరెంటు గురించి చాలామంది అనవసరంగా భయపడతారు. అక్కడా మనలాగే 230 వోల్టులు, 50 హెర్ట్జ్. తేడా అంతా ప్లగ్‌లోనే. జర్మన్ సాకెట్ గుండ్రంగా లోపలికి దిగి ఉంటుంది, మన మూడు పిన్నుల ప్లగ్ అందులో దూరదు. అడాప్టర్ల కట్ట కొనుక్కుని వెళ్లక్కర్లేదు. చార్జర్ ఇటుక నుంచి గోడకు వెళ్లే వైరు చాలా మోడళ్లలో ఊడి వస్తుంది, ఆ ముక్క ఒక్కటి అక్కడ కొనుక్కుంటే సరిపోతుంది. ఎర్తింగ్ లేని చవక అడాప్టర్‌తో వాడితే లోహపు బాడీ ఉన్న ల్యాప్‌టాప్ మీద చెయ్యి పెట్టినప్పుడు సన్నగా జిల్లుమంటుంది. వైరు మార్చాక నాకది పోయింది.

అసలు సంగతి హాస్టల్ గది. నాది స్టుడీరెండెన్‌వెర్క్ హాస్టల్. జర్మనీలో విద్యార్థుల హాస్టళ్లు, క్యాంపస్ క్యాంటీన్లు ఎక్కువగా ఈ సంస్థల చేతుల్లోనే ఉంటాయి. ప్రైవేటు గదుల కన్నా అద్దె తక్కువ, అందుకే వెయిటింగ్ లిస్టు పొడుగు. గది చిన్నదే అయినా శుభ్రంగా ఉంది, హీటర్ బాగా పనిచేసింది, కిటికీ బయట చెట్లు. కానీ వైఫై లేదు. గోడకు ఇంటర్నెట్ వైరు గుచ్చే ల్యాన్ సాకెట్ ఒకటి ఉంది, అంతే. ఇలాంటి హాస్టళ్లు అక్కడ చాలా ఉన్నాయి. నా పక్క గదిలోకి వచ్చినబ్బాయి ట్యాబ్లెట్ ఒక్కటే తెచ్చుకున్నాడు. దానికి ల్యాన్ పోర్టు లేదు, కాబట్టి రౌటర్ కొని, దాని సెట్టింగులు సరిచేసుకునే దాకా ఫోన్ డేటా మీదే బతికాడు. ఈమధ్య వచ్చే పల్చటి ల్యాప్‌టాప్‌లకూ ఆ పోర్టు ఉండటం లేదు. యూఎస్‌బీ నుంచి ల్యాన్‌కు మార్చే చిన్న కన్వర్టర్ ఒకటి సంచిలో వేసుకోండి. అరచేతిలో పట్టేంత వస్తువు, మొదటి రాత్రే పనికొస్తుంది.

ప్రైవేటు షేరింగ్ ఫ్లాట్‌లో దిగిన మా క్లాస్ అమ్మాయికి ఈ బాధ లేదు, దిగిన రోజు నుంచే వైఫై. బదులుగా ఆమెకు అద్దె ఎక్కువ. పైగా రేడియో, టీవీ రుసుము కోసం వచ్చిన ఉత్తరం చూసి ఖంగారు పడింది. నెలకు 18.36 యూరోల ఆ రుసుము ఇంటికి ఒక్కటి, ఎంతమంది ఉన్నా పంచుకోవచ్చు. ల్యాప్‌టాప్ గానీ టీవీ గానీ లేదు కాబట్టి కట్టనంటే కుదరదు. 2013 నుంచి లెక్క ఇంటికే తప్ప వస్తువులకు కాదు.

ఇక క్యాంపస్. అన్న చెప్పింది అబద్ధం కాదు. పీసీ పూల్ అని పిలిచే కంప్యూటర్ గదులు ఉన్నాయి, కోర్సుకు కావలసిన సాఫ్ట్‌వేర్ వాటిలో ముందే ఎక్కించి ఉంటుంది. ఖరీదైన ఇంజనీరింగ్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు ఇది చాలా పెద్ద సాయం, మన ల్యాప్‌టాప్ వేడెక్కి మూలగాల్సిన పని ఉండదు. యూనివర్సిటీలు ఉమ్మడిగా వాడే ఎడ్యురోమ్ వైఫై ఒక్కసారి ఫోన్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో పెట్టుకుంటే, అది ఉన్న ఏ యూనివర్సిటీకి వెళ్లినా దానంతటదే కలుస్తుంది. పరీక్షల విషయంలో నా అంచనా తలకిందులైంది. మేము రాసిన క్లౌజూర్‌లు, అంటే సెమిస్టర్ చివరి రాత పరీక్షలు, పెన్నూ కాగితంతోనే జరిగాయి. ల్యాప్‌టాప్‌తో అసలు పని హౌస్‌ఆర్బైట్ దగ్గర పడింది. అది సెలవుల్లో ఇంట్లో కూర్చుని రాసి ఇచ్చే పెద్ద వ్యాసం. సోషల్ సైన్స్, సాహిత్యం కోర్సులు తీసుకునేవాళ్లకు ఇవే ఎక్కువ. పీసీ పూల్‌లో కూర్చుని అంత వ్యాసం పూర్తి చేయొచ్చు, చేసినవాళ్లను చూశాను. కానీ రాయబుద్ధి పుట్టిన రాత్రి పదకొండింటికి ఆ గదికి తాళం పడి ఉంటుంది. ఆదివారం ఇంకా కష్టం.

లైబ్రరీల గురించి మాత్రం కాస్త ఎక్కువే చెప్పాలి. నా బెర్లిన్ జీవితంలో మంచి గంటలు అక్కడే గడిచాయి. హంబోల్ట్ యూనివర్సిటీ వాళ్ల గ్రిమ్ సెంటర్ 2009లో తెరిచారు. మధ్యలో మెట్లు మెట్లుగా దిగే రీడింగ్ హాలు, పైన ఆకాశం కనిపించే కప్పు. అక్కడ కూర్చుంటే చదవకుండా లేవడం సిగ్గుగా ఉంటుంది. ఫ్రీ యూనివర్సిటీలో నార్మన్ ఫోస్టర్ డిజైన్ చేసిన ఫిలాలజీ లైబ్రరీ 2005 నాటిది, ఆకారాన్ని చూసి బెర్లిన్ మెదడు అంటారు. చూడటానికి అదే అందం, పని చేసుకోవడానికి మాత్రం నా ఓటు గ్రిమ్ సెంటర్‌కే. జూ స్టేషన్ దగ్గర టెక్నికల్ యూనివర్సిటీ, ఆర్ట్స్ యూనివర్సిటీ కలిసి నడిపే లైబ్రరీ సాదాసీదాగా ఉంటుంది గానీ రైలు దిగి నడిచిపోవచ్చు.

వీటిలో ల్యాప్‌టాప్‌తో కూర్చోవాలంటే పద్ధతి తెలియాలి. జర్మనీలో చాలా లైబ్రరీల్లోకి బ్యాగులు, కోట్లు రానివ్వరు. లాకర్‌లో పెట్టి, ల్యాప్‌టాప్, పుస్తకాలు బుట్టలోనో లోపలున్నవి కనిపించే సంచిలోనో పట్టుకెళ్లాలి. కొన్నిచోట్ల లాకర్‌కు నాణెం కావాలి, కొన్నిచోట్ల సొంత తాళం కావాలి. పరీక్షల ముందు జనవరి, ఫిబ్రవరి నెలల్లో ప్లగ్ పాయింటు ఉన్న సీటు కోసం పొద్దున్నే వెళ్లాల్సిందే. బాత్రూమ్‌కు వెళ్లేటప్పుడు కూడా ల్యాప్‌టాప్‌ను బల్ల మీద వదలకండి, లేదా బల్లకు కట్టే కేబుల్ తాళం వాడండి. బరువైన యంత్రాన్ని రోజూ ఇలా తిప్పడం నా భుజానికి తెలిసింది. చేతిలో కిలోన్నర లోపు ఉండేదైతేనే ఈ జీవితం సుఖం.

అక్కడికి వెళ్లాక కొనుక్కుంటే పోలా అని అడిగేవాళ్లున్నారు. కొత్తదానికి అమ్మినవాళ్ల చట్టపరమైన బాధ్యత రెండేళ్లు, అది నిజంగా మంచి విషయం. ఇబ్బంది కీబోర్డుతో. జర్మన్ కీబోర్డులో వై, జెడ్ అక్షరాలు తారుమారు. ఈమెయిల్‌లో వాడే ఎట్ గుర్తు క్యూ మీద ఉంటుంది, ఆల్ట్ జీఆర్ పట్టుకుని నొక్కాలి. ప్రోగ్రాములు రాసేవాళ్లకు కావలసిన స్క్వేర్, కర్లీ బ్రాకెట్లు అంకెల వరుసలో అలాగే దాక్కుని ఉంటాయి. ఇంగ్లిష్ కీబోర్డుది దుకాణంలో చేతికి దొరకడం అరుదు, ఆన్‌లైన్‌లో వెతకాలి. అంతకన్నా పెద్దది డబ్బు. స్టూడెంట్ వీసా మీద వెళ్లేవాళ్లకు, వీసా కోసం ముందే మన డబ్బు వేసి ఉంచే బ్లాక్డ్ అకౌంట్ నుంచి నెలకు 992 యూరోలు వస్తాయి. ఓ మోస్తరు కొత్త ల్యాప్‌టాప్ అందులో సింహభాగం మింగేస్తుంది, గది డిపాజిట్, ఇన్సూరెన్స్ కట్టాల్సిన మొదటి నెలలోనే. ఇంట్లో పనిచేసే ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు అక్కడ కొనడం దండగ. అసలు లేనివాళ్లయితే ఆఫీసుల్లో వాడి సరిచేసి అమ్మే రీఫర్బిష్డ్ థింక్‌ప్యాడ్‌లు చూడండి. మా హాస్టల్లో చాలామంది చేతుల్లో అవే ఉండేవి, గట్టివి.

సెమిస్టర్ మధ్యలో నా ల్యాప్‌టాప్ ఫ్యాన్ గర్రుమనడం మొదలైంది. ఒక దుకాణానికి తీసుకెళ్తే, విప్పి చూడటానికే విడిగా రుసుము అడిగారు, పైగా వారం పైన పడుతుందన్నారు. వారంటీ కూడా అక్కడ చెల్లలేదు. కొన్ని కంపెనీల వారంటీ కొన్న దేశం దాటితే పనిచేయదు, బయలుదేరే ముందే కనుక్కోవడం మేలు. చివరికి రిపేర్ కెఫేకి వెళ్లాను. పాడైన వస్తువులు పట్టుకెళ్తే వాలంటీర్లు మనతో కలిసి కూర్చుని బాగుచేసే చోటు అది. 2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదలైన ఈ పద్ధతి జర్మనీ అంతటా పాకింది. తెల్లగడ్డం పెద్దాయన ఒకాయన ఫ్యాన్ తీసి దుమ్ము దులిపి, వచ్చీరాని ఇంగ్లిష్‌లో ఎలా చేయాలో నాకు చూపించి పంపారు. డబ్బులు అడగలేదు, డబ్బాలో తోచినంత వేసి వచ్చాను. ఆ దేశంలో నాకు దొరికిన సేవలన్నింటిలో అదే గొప్పదని ఇప్పటికీ అంటాను.

ఊళ్లు తిరగడానికి మాత్రం ల్యాప్‌టాప్ వద్దు. విద్యార్థుల టికెట్ మీద ప్రాంతీయ రైళ్లలో డ్రెస్డెన్, లైప్‌జిగ్ వెళ్లి వచ్చాం. ఆ రైళ్లలో కొన్నింటికి ప్లగ్ పాయింట్లు ఉండవు. వేగంగా వెళ్లే ఐసీఈల్లో ప్లగ్గూ వైఫై రెండూ ఉంటాయి, కానీ వాటికి ఆ టికెట్ చెల్లదు. రాత్రికి దిగిన హాస్టల్ డార్మిటరీలో లాకర్ నా సంచికే చాల్లేదు. ల్యాప్‌టాప్‌ను తమ గదిలో పెట్టి తాళం వేసి వచ్చినవాళ్లు హాయిగా తిరిగారు.

ఇప్పుడు ఎవరైనా నన్ను అడిగితే ముందు గది ఖరారైందా అని అడుగుతున్నాను. క్యాంపస్ పక్కనే గది, ఉన్నదంతా రాత పరీక్షల కోర్సులు అయితే ట్యాబ్లెట్, దానికో కీబోర్డుతో ఒక సెమిస్టర్ గడిచిపోతుంది. యూనివర్సిటీ లైబ్రరీ ల్యాప్‌టాప్‌లు అరువిస్తుందేమో ఒక ఈమెయిల్ రాసి కనుక్కోండి, కొన్ని ఇస్తాయి. మిగతా అందరూ తీసుకెళ్లాల్సిందే. రెండుంటే తేలికైనది, పాతదైనా సరే. ఫైళ్లన్నీ ఇంట్లో ఒక హార్డ్ డిస్క్‌లో కాపీ చేసి, ల్యాప్‌టాప్ డిస్క్‌కు పాస్‌వర్డ్ లాక్ పెట్టి, కొన్న బిల్లు ఫోటో ఫోన్‌లో ఉంచుకుని బయలుదేరండి.